కొరియా కంపెనీతో పొత్తు: గుంటూరు, విజయవాడ వ్యాపారులకు పనికొచ్చే పద్ధతి

కొరియా కంపెనీకి శాంపిల్ పంపాక మూడు నెలలు ఉలుకూ పలుకూ లేకపోతే, ధర నచ్చలేదేమోనని మన వ్యాపారికి అనుమానం. కిలోకు పది సెంట్లు తగ్గించి ఇంకో మెయిల్ పెడతాడు. ఇది చాలాసార్లు ఎదురు తిరుగుతుంది. అడక్కుండానే తగ్గించాడంటే మొదటి ధర ఉత్తుత్తిదన్నమాట అని అవతల లెక్కేసుకుంటారు.

ఆ మూడు నెలలూ అక్కడ జరిగేది వేరు. కొనుగోలు విభాగంలో ఒక చిన్న ఉద్యోగి మీ కంపెనీ మీద ఆమోద పత్రం తయారుచేస్తాడు. ఈ సప్లయర్ ఎవరు, ఎందుకు కావాలి, ఇంకెవరిని పోల్చి చూశాం, ఏం తేడా రావచ్చు, వస్తే ఏం చేస్తాం అని అందులో రాయాలి. ఆ కాగితం టీమ్ లీడర్, క్వాలిటీ, ఫైనాన్స్, డైరెక్టర్ వరుసలో సంతకాలు పెట్టించుకుంటూ పైకి వెళ్తుంది. మధ్యలో ఎవరు ప్రశ్న వేసినా కిందికి తిరిగొస్తుంది. దాని మీద మొదటి సంతకం ఆ చిన్న ఉద్యోగిది. రేపు మీ సరుకు బుసాన్ రేవులో ఆగిపోతే ముందు లేచి నిలబడాల్సిందీ అతనే.

కొరియా వాళ్లతో నమ్మకం అంటే ఆచరణలో ఇదే: మన ఫైలు మోస్తున్న ఆ మనిషి తన పైవాళ్ల ముందు తల దించుకునే పరిస్థితి రాకూడదు. కింద చెప్పే పద్ధతులన్నీ ఆ ఒక్క పని కోసమే.

బేరానికి ముందు సుంకం

గుంటూరు నుంచి కొరియా అనగానే అందరికీ ముందు తట్టేది మిర్చి. కానీ తక్కువ సుంకానికి అనుమతించే పరిమాణం (కోటా) దాటితే ఎండు మిర్చి మీద కొరియా సుంకం 270 శాతం. నువ్వుల మీద 630 శాతం. తక్కువ సుంకం కోటాలో వచ్చే సరుకును ఎక్కువగా అక్కడి ప్రభుత్వ వ్యవసాయ వాణిజ్య సంస్థ ఏటీ టెండర్ల ద్వారా నడిపిస్తుంది. భారత్, కొరియా మధ్య సమగ్ర ఆర్థిక భాగస్వామ్య ఒప్పందం 2010 జనవరి 1 నుంచి అమల్లో ఉంది కదా, సుంకం తగ్గదా అని అడుగుతారు. ఒప్పందం ఉన్నంత మాత్రాన ప్రతి సరుకుకూ రాయితీ రాదు. కొరియా తన రైతును కాపాడుకునే సరుకుల జాబితాలో మిర్చిది ముందు వరుస.

కాబట్టి మీ సరుకు అక్కడ ఏ హెచ్‌ఎస్ కోడ్ (సుంకం లెక్కకు సరుకుకు ఇచ్చే సంఖ్య) కింద పడుతుందో కొనేవాళ్ల కస్టమ్స్ ఏజెంట్ చేత ముందే రాయించుకోండి. కాయ వేరు, పొడి వేరు, మసాలా మిశ్రమం వేరు, ఓలియోరెసిన్ (మిర్చి నుంచి తీసే సారం) వేరు. మన ఏజెంట్ చెప్పిన కోడ్ అక్కడ చెల్లకపోవచ్చు. ఈ ప్రశ్న మీరే ముందు అడిగితే, పని తెలిసినవాళ్లని అవతల గుర్తిస్తారు. అడక్కుండా కాయ ధర పంపితే ఆ మెయిల్‌కు జవాబే రాదు.

పరిచయం, ఎవరి ద్వారా

ముక్కూ మొహం తెలియని మెయిల్‌కు కొరియాలో విలువ తక్కువ. కొరియా ప్రభుత్వ వాణిజ్య సంస్థ కోట్రాకు చెన్నైలో కార్యాలయం ఉంది. ఏటా కోట్రా నడిపే సియోల్ ఫుడ్ ప్రదర్శన ఆహార సరుకుల వాళ్లకు మంచి చోటు. ఇప్పటికే కొరియాకు అమ్ముతున్న స్పిన్నింగ్ మిల్లు యజమానో, పొగాకు ఎగుమతిదారో మీకు తెలిసుంటే వాళ్ల మాట ఇంకా బాగా పనిచేస్తుంది. అయితే పరిచయం చేసినవాళ్లకు ప్రతి దశలో రెండు ముక్కలు రాస్తూ ఉండాలి. మీరు మాట తప్పితే పోయేది వాళ్ల పరువు కూడా.

మధ్యవర్తి ఉంటే కమీషన్ ఎంతో, ఎవరిస్తారో రెండు వైపులా తెలిసేలా కాగితం మీద పెట్టండి. మన మిర్చి యార్డులో కమీషన్ ఏజెంటు పాత్ర బహిరంగమే. విదేశీ బేరంలో మాత్రం దాన్ని దాచిపెట్టాలని ఎందుకు అనుకుంటారో అర్థం కాదు. రెండేళ్ల తర్వాత బయటపడితే డబ్బు కన్నా దాచినందుకే ఎక్కువ బాధపడతారు.

నమ్మకం అటువైపు నుంచి కూడా రుజువు కావాలి. కొరియాలో ప్రతి వ్యాపారానికీ పది అంకెల రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుంది. ఆ ధ్రువపత్రం కాపీ అడగడం తప్పు కాదు. ఆడిట్ తప్పనిసరైన కంపెనీల లెక్కలు డార్ట్ అనే ఆర్థిక నియంత్రణ సంస్థ వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడొచ్చు.

ఫైలు

ఆమోద పత్రం రాసే ఉద్యోగికి మీరు ముడిసరుకు ఇవ్వాలి. అతను గూగుల్‌లో వెతుక్కునే పని పెట్టకండి. ఒకే పీడీఎఫ్‌గా, పన్నెండు పేజీలు మించకుండా పంపండి. అందులో ఉండాల్సినవి: ఒక పేజీ కంపెనీ పరిచయం (కొరియన్ భాషలో కూడా ఉంటే మంచిది, అనువాదం మనిషి చేత దిద్దించండి), ఐఈసీ (ఎగుమతి దిగుమతి కోడ్), జీఎస్టీ, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ, సుగంధ ద్రవ్యాలైతే స్పైసెస్ బోర్డు ఎగుమతిదారు నమోదు, మూడేళ్ల ఆడిట్ లెక్కల సారాంశం, యంత్రాల జాబితా, రోజు సామర్థ్యం, ఇప్పటి కొనుగోలుదారుల దేశాలు. వీటన్నిటికీ మించి, ఏ సమస్యకు ఎవరు జవాబుదారో చూపే పటం. నాణ్యతకు ఎవరు, రవాణాకు ఎవరు, చెల్లింపులకు ఎవరు. మన కుటుంబ కంపెనీల్లో అన్నిటికీ అన్నయ్యే జవాబు చెప్పడం మామూలు. అన్నయ్య తిరుపతి వెళ్తే ఫోన్ ఎత్తేవాడుండడు. కొరియా క్వాలిటీ టీమ్ ఈ పటం దగ్గరే ఎక్కువసేపు ఆగుతుంది.

సామర్థ్యం దగ్గర గొప్పలు వద్దు. రోజుకు 8 టన్నులు ఆడించే మిల్లు 20 టన్నులని రాస్తే, ఫ్యాక్టరీకి వచ్చినప్పుడు మోటారు హార్స్‌పవర్ చూసి లెక్క కట్టేస్తారు. ఆ ఒక్క అబద్ధంతో మిగతా పదకొండు పేజీలూ చెల్లవు.

శాంపిల్ దగ్గరే సగం పొత్తులు చెడతాయి

మన అలవాటు ఏమిటంటే శాంపిల్‌కు ఏరికోరి మంచి కాయ పెట్టడం. తొడిమ లేకుండా, తాలు లేకుండా, రంగు నిగనిగలాడే కిలో కాయ పంపుతాం. దాన్ని చూసి వాళ్ల ప్రయోగశాల ఒక స్పెక్ (నాణ్యత కొలతల పట్టిక) రాసుకుంటుంది. తర్వాత పంపే 20 టన్నులు ఆ స్పెక్‌కు ఎప్పటికీ అందవు. పంపాల్సింది మీరు నెలనెలా నిలకడగా ఇవ్వగలిగిన సరుకు, ఏరిన సరుకు కాదు. దానితోపాటు ఇంతకన్నా తక్కువ రకం రాదు అని చెప్పే హద్దు శాంపిల్ ఇంకొకటి. రెండిటి మీదా ఇద్దరూ సంతకం చేసి చెరో సెట్టు ఉంచుకుంటే, రేపు రంగు తగ్గిందా లేదా అన్న వాదన నోటి మాట మీద నడవదు.

రకం విషయంలో కూడా సూటిగా ఉండండి. కొరియా కారం పొడిలో కారం తక్కువ, రంగు ఎక్కువ కావాలి. మన తేజ రకం దానికి పూర్తిగా ఎదురు: ఘాటు కోసమే దాన్ని కొంటారు. 334 రకం మధ్యస్థం. కిమ్చీకి పనికొస్తుందని తేజ అంటగట్టాలని చూడకండి. ఘాటు సరిచేసే మిశ్రమాలకు, సాసులకు, ఓలియోరెసిన్‌కు అని చెబితేనే మీకు సరుకు తెలుసని నమ్ముతారు.

లాట్ నుంచి శాంపిల్ తీసే పద్ధతి ఇలా ఉంటే తగాదా రాదు. 40 కిలోల టిక్కీలు (బస్తాలు) 500 ఉంటే అది 20 టన్నుల లాట్. 500కు వర్గమూలం 22 పైచిలుకు, కాబట్టి 23 టిక్కీలు ఎంచుకోవాలి. పైవరుస నుంచే కాదు, దొంతర అడుగు నుంచీ మధ్య నుంచీ కూడా. ఒక్కో టిక్కీలో పైన, మధ్యన, అడుగున తలా వంద గ్రాములు తీస్తే మొత్తం దాదాపు 7 కిలోలు వస్తుంది. బాగా కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలు తీసేస్తూ మూడు కిలోలకు తేవాలి. ఒక కిలో ల్యాబుకు, ఒకటి కొరియాకు, మూడోది సీలు వేసి మీ దగ్గర, సరుకు ఉన్న చలిలోనే. ఆ లాట్ వాడేశామని వాళ్లు రాసేదాకా, కనీసం ఏడాది, మూడో కిలోను పారేయకండి. హమాలీలు లోడు ఎత్తేటప్పుడు హడావుడిగా పైవరుసలో నాలుగు టిక్కీలు కోసి తీసిన శాంపిల్‌తో వచ్చిన మంచి రిపోర్టు కన్నా ప్రమాదకరమైనది లేదు.

పరీక్షల హద్దులు ముందే గోడ మీద రాసి పెట్టుకోవాలి. కొరియాలో 2019 జనవరి 1 నుంచి అన్ని పంటలకూ పాజిటివ్ లిస్టు పద్ధతి నడుస్తోంది: ఒక పంటకు ఒక పురుగుమందు హద్దు విడిగా నిర్ణయించి లేకపోతే కిలోకు 0.01 మిల్లీగ్రాము దాటకూడదు. మన పల్నాడు చేలల్లో నల్ల తామర పురుగు మీద ఏమేం కొట్టారో రైతుకే గుర్తుండదు. యార్డులో వేలం పాటలో కొన్న సరుకుకు ఆ చరిత్ర ఎవరూ చెప్పలేరు. అందుకే కొరియాకు పంపాలంటే రైతు ఉత్పత్తిదారుల సంఘాల నుంచి, పిచికారీ రాత పుస్తకంతో, నేరుగా కొన్న సరుకే నయం. మొత్తం అఫ్లాటాక్సిన్ (బూజు విషం) హద్దు కిలోకు 15 మైక్రోగ్రాములు, అందులో బీ1 రకం 10. తడి పట్టా మీద ఆరబెట్టిన కాయ, వాన తగిలిన కాయ ఇక్కడే పట్టుబడుతుంది. పొడి అయితే ఇనుప రజను కిలోకు 10 మిల్లీగ్రాములు మించకూడదు. మిల్లు పళ్లు అరిగినకొద్దీ ఇది పెరుగుతుంది కాబట్టి 10,000 గాస్ అయస్కాంతాన్ని గంటగంటకూ తుడిచి, తుడిచిన రజనును తూకం వేసి, పుస్తకంలో రాయండి. ఆ పుస్తకం చూపిస్తే తనిఖీకి వచ్చినవాళ్ల ముఖం మారుతుంది. స్పైసెస్ బోర్డు ల్యాబు గుంటూరులోనే ఉంది. ఆ రిపోర్టుతోపాటు, వాళ్లు కొరియాలో నమ్మే ల్యాబులో మొదటి మూడు లాట్లను సమాంతరంగా పరీక్ష చేయించండి. రెండు ల్యాబుల అంకెలు ఎంత తేడాలో వస్తాయో ముందే తెలిస్తే తర్వాత గొడవ ఉండదు.

ఆహార సరుకు తయారయ్యే ఫ్యాక్టరీని దిగుమతి ప్రకటనకు ముందే కొరియా ఆహార, ఔషధ భద్రతా మంత్రిత్వ శాఖ దగ్గర నమోదు చేయాలి. దాని గడువు రెండేళ్లు. గడువు తేదీ మీ క్యాలెండర్‌లో ఉండాలి. వాళ్లు గుర్తు చేస్తారని కూర్చుంటే కంటైనర్ రేవులో ఉండగా తెలుస్తుంది.

బయటి పదార్థాల విషయం విడిగా చెప్పాలి. గోనె దారం, వెంట్రుక, ప్లాస్టిక్ పీలిక మన దగ్గర ఏరి పారేస్తాం, అంతే. అక్కడ ప్యాకెట్‌లో లోహపు ముక్క లాంటిది దొరికిందని వినియోగదారు ఫిర్యాదు చేస్తే కంపెనీ ప్రభుత్వానికి తెలపాల్సిన చట్టం ఉంది. దాంతో అంత పెద్ద కంపెనీ కూడా ఒక దారప్పోగుకు ఎనిమిది మెయిళ్లు పెడుతుంది. చాదస్తం అని నవ్వుకోకుండా, గోనె బదులు లోపలి సంచి ఉన్న నేత బస్తాలు, నీలి రంగు టోపీలు, నీలి దారం వాడండి. మిర్చిలో నీలం పడితే కంటికి ఆనుతుంది.

ఆటోనగర్ వాళ్లకు

కియా పెనుకొండలో 2019లో కార్ల ఉత్పత్తి మొదలుపెట్టాక, దానికి విడిభాగాలిచ్చే కొరియా కంపెనీల దగ్గర రెండో అంచె పనులు (ఆ కంపెనీలకు భాగాలు చేసివ్వడం) అడిగేవాళ్లు విజయవాడ ఆటోనగర్‌లోనూ ఉన్నారు. ఇక్కడ నమ్మకానికి పేరు మార్పు సమాచారం. మనిషి, యంత్రం, ముడిసరుకు, పద్ధతి, ఈ నాలుగింట్లో ఏది మారినా ముందే చెప్పి, అనుమతి వచ్చాకే మార్చాలి. దీన్ని 4ఎం అంటారు. స్టీలు కాయిల్ వేరే డీలర్ దగ్గర కొన్నా, పాత ఆపరేటర్ మానేసి కొత్తవాడు ప్రెస్ మీద కూర్చున్నా చెప్పాల్సిందే. అదే గ్రేడు కదా సార్ అన్న మాట చెల్లదు. హ్యుందాయ్, కియా గొలుసులో రెండో అంచె షాపులకు ప్రెస్, వెల్డింగ్, ప్లేటింగ్ వంటి ప్రక్రియల వారీగా ఎస్‌క్యూ (సప్లయర్ నాణ్యత) తనిఖీ ఉంటుంది. తనిఖీకి ముందు వారం రంగులు వేయించడం కన్నా, గత ఆరు నెలల కొలతల పుస్తకం, గేజీల క్యాలిబ్రేషన్ పత్రాలు, పక్కన పెట్టిన ఎర్ర డబ్బాలో చెడు ముక్కల లెక్క సిద్ధం చేసుకోవడం మేలు. ఎర్ర డబ్బా ఖాళీగా ఉంటే సంతోషించరు. దాస్తున్నారని అనుకుంటారు.

ధర

యార్డు ధర రోజూ మారుతుంది. కొరియా కంపెనీకి త్రైమాసికం ధర కావాలి. మధ్యలో రేటు పెరిగిందని కంటైనర్ ఆపినవాళ్లకు రెండో అవకాశం దాదాపు ఉండదు. ఎందుకంటే ఆ ధర అప్పటికే ఆమోద పత్రంలో ఎక్కిపోయింది. దాన్ని మార్చాలంటే మీ మనిషి మొత్తం సంతకాలు మళ్లీ చేయించాలి.

రెండు దారులున్నాయి. ఒకటి, ఆ మూడు నెలలకు సరిపడా సరుకు కొని కోల్డ్ స్టోరేజీలో పెట్టాకే ధర రాయడం. వడ్డీ, అద్దె, తరుగు కలిపి రాయండి. ఏసీ కాయ పంపుతున్నామని కూడా చెప్పండి, కొత్త కాయలో కలపకండి. రెండోది సూత్రం: ముడి కాయ ధర ఒక గడి, తొడిమ, తాలు పోయే తరుగు ఒక గడి, ఆడింపు కూలి, ప్యాకింగ్, రేవు దాకా రవాణా, లాభం వేర్వేరు గడులు. కాయ గడి ఒక్కటే త్రైమాసికం మొదట్లో సవరించుకోవచ్చు, అదీ యార్డు సగటు 5 శాతం కన్నా ఎక్కువ కదిలితేనే. తగ్గినప్పుడు కూడా మీరే ముందు చెప్పి తగ్గించాలి. లాభం గడిలో సున్నా రాయకండి, ఎవరూ నమ్మరు.

చెల్లింపు మొదటి రెండు మూడు ఆర్డర్లకు 30 శాతం ముందు, మిగతాది బిల్ ఆఫ్ లేడింగ్ (సరుకు ఓడెక్కిన రసీదు) కాపీ మీద, లేదా సైట్ ఎల్‌సీ (పత్రాలు చూపగానే బ్యాంకు చెల్లించే హామీ). అప్పు మీద ఇచ్చే రోజు వస్తే ఈసీజీసీ (ప్రభుత్వ ఎగుమతి రుణ బీమా సంస్థ) కవర్ తీసుకోండి. చాలా కొరియా కంపెనీలు నెలలో కొన్ని నిర్ణీత తేదీల్లోనే డబ్బు వేస్తాయి. ఆ తేదీలేవో మొదటే అడగండి. ఆలస్యమైతే పైవాడికి ఫోన్ చేయకండి. ఇది చాలామంది చేసే తప్పు. కింది ఉద్యోగిని దాటి డైరెక్టర్‌కు మెయిల్ పెడితే డబ్బు ఆ వారమే రావచ్చు, ఆ ఉద్యోగి మాత్రం మీ ఫైలు మళ్లీ మోయడు. ముందు అతనికే బాకీ పట్టిక పంపండి. రెండుసార్లు జవాబు రాకపోతే, పైవాళ్లకు రాయమంటారా అని అతన్నే అడగండి.

ఇంకొక జాగ్రత్త. మీ మెయిల్‌లోకి దొంగలు దూరి బ్యాంకు ఖాతా మారిందని అవతలికి రాసి డబ్బు కాజేయడం ఎగుమతి వ్యాపారంలో మామూలైంది. ఖాతా మార్పు ఏదైనా వీడియో కాల్‌లో, తెలిసిన ఇద్దరు ముఖాలు చూసుకుని ఖరారు చేస్తేనే చెల్లుతుందని ఒప్పందంలోనే రాసేయండి.

గడియారం, మెయిలు

కొరియా మనకన్నా మూడున్నర గంటలు ముందు. వాళ్లు తొమ్మిదికి సీట్లో కూర్చుంటే మనకు తెల్లవారి ఐదున్నర. వాళ్లకు సాయంత్రం ఆరు, మనకు మధ్యాహ్నం రెండున్నర. మన ఆఫీసు పదిన్నరకు తెరిస్తే వాళ్ల రోజులో మనకు మిగిలేది నాలుగు గంటలే. కాబట్టి ఏడు గంటలకు మెయిల్ చూసే మనిషి ఒకరు ఉండాలి. పూర్తి జవాబు లేకపోయినా ‘అందింది, ఫలానా రోజు ఫలానా గంటకు చెబుతాం’ అని ఉదయమే వెళ్లాలి. వారం నివేదిక శుక్రవారం మన పన్నెండులోపు పంపితే వాళ్ల బాస్ వారాంతానికి ముందు చూస్తాడు. ఆర్డర్ నంబరు, ఎంత తయారైంది, ఎంత మిగిలింది, ఓడ తేదీ, ఇబ్బంది ఏమైనా ఉంటే అది: ఐదు వరుసలు చాలు. మార్పేమీ లేకపోయినా పంపాలి.

‘అయిపోతుంది సార్’ అనే మాటను మెయిల్ నుంచి తీసేయండి. మన దగ్గర అది మర్యాద, అక్కడ అది తేదీ లేని హామీ. ఆలస్యం కానుందని తెలిసిన రోజే చెప్పాలి. పది రోజుల ముందు చెప్పిన ఆలస్యాన్ని అతను తన ప్రణాళికలో సర్దుకోగలడు. ముందు రోజు చెబితే సర్దుకోలేడు, పైగా తిట్లు తింటాడు. వాళ్ల వైపు నుంచి ‘పరిశీలిస్తాం’, ‘కొంచెం కష్టంగా ఉంది’ అని వస్తే చాలామటుకు వద్దన్నట్టే. పదే పదే గుచ్చి అడగకుండా, ఏది మారిస్తే వీలవుతుందో అడగండి.

రోజువారీ ముచ్చట్లకు వాళ్లు వాడేది కకావోటాక్. యాప్ వేసుకోండి, కానీ అక్కడ కుదిరిన ప్రతి విషయాన్నీ ఆ రోజే మెయిల్‌లో తిరిగి రాయండి. ఆమోద పత్రానికి జత చేసేది మెయిలే.

పిలుపు విషయంలో పేరు పెట్టి పిలవడం మనకూ చనువే కదా, అక్కడా అంతే. కిమ్ బూజాంగ్‌నిమ్, పార్క్ క్వాజాంగ్‌నిమ్ అని ఇంటిపేరు, హోదా, చివర మన ‘గారు’ లాంటి నిమ్. కొన్ని కంపెనీలు హోదాలు తీసేసి అందరినీ పేరుకు నిమ్ చేర్చి పిలుస్తున్నాయి, మొదటి కాల్‌లోనే అడిగి తెలుసుకోండి.

డిసెంబరులోనే మన సెలవుల పట్టిక పంపాలి: సంక్రాంతి మూడు రోజులు, ఉగాది, దసరా, వేసవిలో యార్డు సెలవులు, కోతల కాలంలో కూలీల కొరత. వాళ్ల కొత్త సంవత్సరం పండుగ సొల్లాల్ జనవరి చివరికీ ఫిబ్రవరి మూడో వారానికీ మధ్య, పంటల పండుగ చుసోక్ సెప్టెంబరులో లేదా అక్టోబరు మొదట్లో వస్తాయి. ఆ రెండు పండుగల ముందు వారం రేవులూ గోదాములూ కిటకిటలాడతాయి.

తేడా వచ్చినప్పుడు

రాకుండా ఉండదు. కొరియా కంపెనీలు సప్లయర్‌ను అసలు కొలిచేది ఇక్కడే. ఫిర్యాదు వచ్చిన 24 గంటల్లో అందిందని చెప్పి, ఆ లాట్ తాలూకు మిగతా సరుకు ఎక్కడెక్కడ ఉందో, దాన్ని ఆపామని రాయాలి. మూడు రోజుల్లో తాత్కాలిక ఏర్పాటు: వేరే లాట్ పంపడమా, అక్కడే మనిషిని పెట్టి ఏరించడమా, ఖర్చు ఎవరిదో తర్వాత తేల్చుకుందాం అని. రెండు వారాల్లో అసలు కారణం, మళ్లీ రాకుండా చేసిన మార్పు, ఫొటోలతో.

‘వర్కర్ అజాగ్రత్త, ట్రైనింగ్ ఇచ్చాం’ అన్న కారణం తిరిగొస్తుంది. ఎందుకు అని ఐదుసార్లు అడుగుతూ వెళ్లండి. పొడిలో నట్టు దొరికింది. ఎందుకు? జల్లెడ నట్టు ఊడింది. ఎందుకు? బిగింపు చూడలేదు. ఎందుకు? చూసే పట్టికలో అది లేదు. ఎందుకు? జల్లెడ మార్చినప్పుడు పట్టిక దిద్దలేదు. మెటల్ డిటెక్టర్ ఎందుకు పట్టలేదు? అది జల్లెడకు ముందుంది. ఇప్పుడు చేయాల్సిన పని కనిపిస్తోంది: డిటెక్టర్‌ను ప్యాకింగ్ చివరికి మార్చడం. ఇలాంటి జవాబును ఆ ఉద్యోగి ధైర్యంగా పైకి పంపగలడు. క్షమాపణ మొదటి వాక్యంలో ఉండాలి, కారణాలు తర్వాత. ల్యాబ్ రిపోర్టు మనదే కరెక్టని మొదటి మెయిల్‌లో వాదనకు దిగితే, మీరు గెలిచినా ఓడినట్టే.

వాళ్లొచ్చినప్పుడు, మీరెళ్లినప్పుడు

గన్నవరంలో దిగిన అతిథిని నేరుగా సన్మానానికి తీసుకెళ్లకండి. శాలువా, బొకే రెండు నిమిషాలు, తర్వాత ఫ్లోర్ మీదికి. వాళ్లకు కావాల్సింది గోదాము మూలలు, ఎలుక బోన్ల పట్టిక, మరుగుదొడ్డి, చేతులు కడిగే చోటు. యజమాని ఒక్కడే అన్నిటికీ జవాబు చెప్పకుండా, ఆ పని చేసే సూపర్‌వైజర్‌ను మాట్లాడనివ్వండి. కుర్రాడు తెలుగులో చెప్పినా ఫర్వాలేదు, అనువదించండి. సమావేశం అయిన రోజే ఏం అనుకున్నాం, ఎవరు ఎప్పటికి చేయాలి అని అరపేజీ రాసి, వాళ్లు వెళ్లేలోపు ఇద్దరూ సంతకం చేయండి.

భోజనంలో గోంగూర, కారప్పొడి పెట్టి వాళ్ల ఓపికను పరీక్షించే సరదా మానుకుంటే మంచిది. వాళ్లు కారం తింటారు, మన కారం వేరు. మీరు శాకాహారులైతే కొరియా వెళ్లేముందే రాయండి. అక్కడి చాలా పులుసుల్లో ఎండు చేప, గొడ్డు మాంసపు రసం ఉంటాయి, ఆఖరి నిమిషంలో చెబితే ఆతిథ్యమిచ్చినవాళ్లు నొచ్చుకుంటారు. మందు తాగకపోతే ఆరోగ్యం వంక చెప్పి, పెద్దవాళ్ల గ్లాసు మాత్రం రెండు చేతులతో నింపండి. కార్డు ఇచ్చేటప్పుడు, పుచ్చుకునేటప్పుడు కూడా రెండు చేతులు.

బహుమతికి చిన్న కొండపల్లి బొమ్మ చక్కగా సరిపోతుంది, టీమ్‌లో అందరికీ ఒకేలాంటివి. నాలుగు చొప్పున ఇవ్వకండి, పేర్లు ఎర్ర సిరాతో రాయకండి, రెండూ అక్కడ అశుభం. మామిడిపళ్లు సంచీలో వేసుకెళ్తే క్వారంటైన్ దగ్గర ఆగిపోతారు. ప్రభుత్వ సంస్థల వాళ్లకైతే 2016 నుంచి అమల్లో ఉన్న లంచాల నిరోధక చట్టం ప్రకారం బహుమతులకు గట్టి హద్దులున్నాయి, ఏమీ ఇవ్వకపోవడమే వాళ్లకు మేలు.

కాగితాలు

ఎమ్‌ఓయూ మీద సంతకం, ఫొటో వాళ్లకు పరిచయపు ముచ్చట. ఆర్డర్ కాదు. వాళ్ల అనుమతి లేకుండా ఆ ఫొటో పేపర్‌కు ఇచ్చి, ఇన్ని కోట్ల ఒప్పందం అని వేయించుకున్నవాళ్లకు తర్వాతి మెయిల్ చాలా చల్లగా వస్తుంది.

అసలు ఒప్పందంలో స్పెక్ పట్టిక, పైన చెప్పిన శాంపిల్ పద్ధతి, తేడా వస్తే వెళ్లే మూడో ల్యాబు పేరు, ఫిర్యాదు గడువు, కొరియన్, ఇంగ్లీషు ప్రతుల్లో ఏది చెల్లుతుందో ఉండాలి. వివాదానికి మధ్యవర్తిత్వం పెట్టుకోండి. రెండు దేశాలూ న్యూయార్క్ ఒప్పందంలో ఉన్నాయి కాబట్టి తీర్పు ఇక్కడా అక్కడా అమలు చేయించుకోవచ్చు. మొదటి ఏడాదే ఎక్స్‌క్లూజివ్ హక్కులు అడగొద్దు, ఇవ్వొద్దు. అర టన్ను, తర్వాత ఒక కంటైనర్, తర్వాత త్రైమాసికం ఒప్పందం: మెట్లు ఇలా ఉంటే ఎక్కడ ఆగినా ఎవరికీ పెద్దగా పోయేదేమీ లేదు.

మనిషి మారినప్పుడు

కొరియా కంపెనీల్లో ఏడాది చివర బదిలీలు, పదోన్నతులు. మీ ఫైలు మోసిన ఉద్యోగి జనవరిలో వేరే విభాగంలో ఉండొచ్చు. నవంబరులోనే ఒక పేజీ పట్టిక సిద్ధం చేసి అతనికి పంపండి: ఇప్పటిదాకా పంపిన లాట్లు, వచ్చిన ఫిర్యాదులు, వాటికి చేసిన మార్పులు, నడుస్తున్న ధర సూత్రం, తేలాల్సిన విషయాలు. అప్పగింతలో అతను దాన్నే కొత్తవాళ్లకు ఇస్తాడు. చాలా కొరియా కంపెనీల ఆర్థిక సంవత్సరం జనవరితో మొదలు, బడ్జెట్లు అక్టోబరు, నవంబరుల్లో కుదురుతాయి. వచ్చే ఏడాది సామర్థ్యం, అంచనా ధర అక్టోబరు లోపే చేరాలి. మన మార్చి లెక్కల ప్రకారం జనవరిలో పంపితే అప్పటికి ఆ ఏడాది కోటా వేరేవాళ్లకు పోయి ఉంటుంది.

కొత్త మనిషి వచ్చిన మొదటి నెలలో ధర పెంపు అడక్కండి. ముందు వీడియో కాల్ పెట్టి, ఫ్యాక్టరీ అంతా ఒకసారి ఫోన్‌తోనే తిప్పి చూపించి, హద్దు శాంపిళ్లు కొత్త సంతకాలతో మళ్లీ ఖరారు చేసుకోండి. పాత మనిషికి సొల్లాల్‌కూ చుసోక్‌కూ రెండు వాక్యాల శుభాకాంక్షలు ఆపకండి. ఈ సప్లయర్ ఎలాంటివాళ్లని కొత్తవాళ్లు ముందు అడిగేది అతన్నే.